హస్తవాసి

ఆ పరిశోధనా విభాగంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పదమూడేళ్ళుగా ఆమె ఎక్స్‌రే అక్క. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళూ అక్కే అనేవారు, ఆఫీసులో బట్టతల గుమాస్తాతో సహా. మొదట్లో చిరాకుపడింది, తర్వాత అలవాటు పడింది. అక్కా అని పిలిస్తే పని చెప్పడం సులువు, ఆ అక్క ఏదైనా అడిగితే నవ్వేసి వెళ్ళిపోవడం ఇంకా సులువు.

ఆమె గది నేలమాళిగలో ఉంది. మెట్లు దిగి ఎడమవైపు, కిటికీ లేని గది. అందులో ఇనప బీరువా అంత మెషీను, దానికి బరువైన అద్దం తలుపు. అది చేసే పని చెప్పడానికి తేలికే. ఒక పొడినో ముక్కనో హోల్డర్‌లో పెట్టి దాని మీదికి ఎక్స్‌రే కిరణాలు పంపుతారు. లోపలి పరమాణువులు ఏ వరసల్లో ఉన్నాయో దాన్నిబట్టి ఆ కిరణాలు కొన్ని కోణాల దగ్గర మాత్రమే బలంగా తిరిగొస్తాయి. కాగితం మీద అక్కడ ఒక పీక్ కొండకొమ్ములా లేస్తుంది. దీన్నే వివర్తనం అంటారు. ఏ పదార్థం పీకులు ఆ పదార్థానివే, మనుషుల వేలిముద్రల్లాగా. కంప్యూటర్‌లో వెతికి పోల్చుకోవాలని పుస్తకాలు చెబుతాయి గానీ, ఎక్స్‌రే అక్క కాగితం బయటికి వస్తుండగానే చెప్పేసేది. “ఇది ఉప్పు. ఇది తుప్పు. ఇదేమో మీ కుర్రాడు సీసా మూత సరిగ్గా పెట్టకపోవడం.”

ఇంత తెలిసిన మనిషి హోదా ఏమిటయ్యా అంటే, ఏడాదికోసారి రెన్యూ చేసే కాంట్రాక్టు టెక్నీషియన్. ఎమ్మెస్సీ ఉంది. పెళ్ళి, పాప, కిందటి రెండు నోటిఫికేషన్లలో తన కాగితాలు ఆఫీసు దాటకపోవడం, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చి పీహెచ్‌డీ అలాగే ఉండిపోయింది. ఆమె నేర్పిన పిల్లలు డాక్టర్లై పెద్ద పెద్ద చోట్ల కూర్చుని, అక్కడినుంచి ఫోన్లు చేసి, “అక్కా, ఈ పీక్ ఏంటో కాస్త చూసి చెప్పవా” అని అడిగేవాళ్ళు. ఆమె చెప్పేది. వాళ్ళ పేపర్ల చివర, కృతజ్ఞతల పేరాలో, కరెంటు ఇచ్చినవాళ్ళ పక్కన ఆమె పేరు ఉండేది.

ఆ సంవత్సరం రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. మొదటిది, మెషీన్ నిర్వహణ ఇకమీదట కంపెనీ వాళ్ళే చూసుకుంటారు కాబట్టి వచ్చే ఏడాదినుంచి కాంట్రాక్టు టెక్నీషియన్ అక్కర్లేదని. రెండోది నోటీసు బోర్డు మీద పడింది. ‘డాక్టరల్ పరిశోధన స్థానం, ఒకటి. పదార్థ విజ్ఞానం, వివర్తన పద్ధతులు. సిబ్బందికి వయోపరిమితి నలభై రెండు.’ ఆమెకు నలభై ఒకటీ ఎనిమిది నెలలు. ఆ స్థానం దక్కిందా, నాలుగేళ్ళ ఫెలోషిప్, ఆపైన అదే గదిలో శాస్త్రవేత్త కుర్చీ. దక్కలేదా, మెట్లెక్కి బయటికి పోవడమే. మళ్ళీ నోటీసు పడేసరికి వయసు దాటిపోతుంది.

ఆ స్థానం ఎలా ఖాళీ అయిందో విభాగంలో అందరికీ తెలుసు. అది బూడిదబాబు వదిలేసి వెళ్ళిన కుర్చీ.

బూడిదబాబు కథ చెప్పాలంటే ముందు ప్రొఫెసర్‌గారి పదార్థం గురించి చెప్పాలి. నాలుగేళ్ళ కింద ఆయన తన చేతులతో ఫర్నేస్‌లో పెట్టి ఒక బూడిదరంగు ముక్క తీశాడు. చిటికెనవేలి గోరంత ఉంటుంది. దాన్ని కొలిస్తే, తక్కువ కోణాల దగ్గర మూడు కొత్త పీకులు లేచాయి. ఉండాల్సినచోట ఉండాల్సినవి కాకుండా, ఎవరూ ఊహించని మూడు. ఆయన ఆ వారంలోనే ఇంకో రెండు ముక్కలు తీశాడు. వాటిలోనూ అవే. పొరలు పొరలుగా అమరిన కొత్త పదార్థం అని పేపరు రాశాడు. అది పెద్ద పత్రికలో పడింది. ఆ పీకుల బొమ్మను ఫ్రేము కట్టించి పైఅంతస్తు కారిడార్‌లో పెట్టారు. దాని పుణ్యాన పెద్ద ప్రాజెక్టు, దానితో నలుగురు విద్యార్థులు, కొత్త ఫర్నేస్, ఆయన గదికి ఏసీ వచ్చాయి.

ఆ పదార్థాన్ని గోరంత కాదు, గిన్నెడు చెయ్యమని ఒక విద్యార్థిని పెట్టుకున్నారు. బక్కపల్చటి కుర్రాడు, మాట మెత్తన, పని శుభ్రం. మూడేళ్ళు చేశాడు. నూట పన్నెండు సార్లు ఫర్నేస్ వేశాడు. వేసిన ప్రతిసారీ పొడిని మెత్తగా నూరి, హోల్డర్ గుంటలో నింపి, అద్దంతో చదును చేసి తెచ్చేవాడు. ఎక్స్‌రే అక్క కొలిచేది. మామూలు పీకులు అన్నీ పద్ధతిగా ఉండేవి. ఆ మూడు మాత్రం లేవు.

“ఏం బాబూ, ఇవాళా బూడిదేనా?” అనేవాడు ప్రొఫెసర్ మీటింగులో. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన తిట్టే మనిషి కాదు, మాటలో తేనె పూసే రకం. “వంట పుస్తకం ఒకటే బాబూ, అందరి చేతిలో ఒకే రుచి రాదు. హస్తవాసి ఉండాలి. నీకు చదువు ఉంది గానీ హస్తవాసి లేదు.” అలా ఆ కుర్రాడు బూడిదబాబు అయ్యాడు. మూడో ఏడు చివర్లో మనిషి సగమై, గొలుసు తెంచుకున్నట్టు ఒకరోజు రాజీనామా రాసిచ్చి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆమె గదికి వచ్చి, “చాలా శ్రమ పెట్టాను అక్కా, క్షమించు” అని చెప్పి మరీ వెళ్ళాడు. తర్వాత ఏదో టైల్స్ కంపెనీలో చేరాడని తెలిసింది.

ఇక ఇంటర్వ్యూకి నాలుగు రోజులుంది. ఆమె ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకుని ప్రతిపాదన రాసుకుంటోంది. ఆదివారం పగలు. భర్త లిఫ్ట్ మెకానిక్, ఆరోజు డ్యూటీ లేక తలుపు బిజాగరీకి నూనె వేస్తున్నాడు. పద్నాలుగేళ్ళ కూతురు తన అలమారా సర్దుతూ, చిన్నప్పటి చెత్తంతా నేలమీద గుట్ట పోస్తోంది.

“అమ్మా, నువ్వు సెలెక్ట్ అయితే నిన్ను స్టూడెంట్ అనాలా? నీకూ నాకూ పరీక్షలు ఒకేసారి వస్తే వంట ఎవరు చేస్తారు?”

“మీ నాన్న.”

“అయితే నువ్వు ఫెయిల్ అవ్వాలని కోరుకుంటాను” అని నవ్వి, ఆ పిల్ల గుట్టలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి టేబుల్ మీద పెట్టింది. “ఇది చూడు. నా బొమ్మల క్లే. ఒకసారి సగం నువ్వు ఆఫీసుకి పట్టుకెళ్ళిపోతే నేను ఏడ్చాను, గుర్తుందా? ఆకుపచ్చది మొత్తం పట్టుకెళ్ళావు.”

గుర్తులేదు అనబోయింది. అంతలోనే గుర్తొచ్చింది.

చిన్న ముక్కల్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. ముక్క పైభాగం సరిగ్గా హోల్డర్ అంచుతో సమానంగా ఉండాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా పీకులు జరుగుతాయి. అందుకని గుంటలో అడుగున కాస్త క్లే పెట్టి, దాని మీద ముక్కను ఉంచి, అద్దం పలకతో నొక్కుతారు. ల్యాబ్‌లో వాడే క్లేకి పీకులు లేవని కాదు. ఉన్నాయి, అవెక్కడ వస్తాయో ఆమెకు కంఠతా వచ్చు, చూడగానే కొట్టేస్తుంది. కొత్త క్లే ఏది తెచ్చినా ముందు దాన్ని ఒంటరిగా కొలిచి ఫైల్లో పెట్టాలన్నది ఆమె పెట్టిన నియమమే. పదమూడేళ్ళలో ఒక్కసారి తప్పింది. ప్రొఫెసర్ తన ముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, ల్యాబ్ క్లే అయిపోయింది, స్టోర్సు వాళ్ళు వారం అన్నారు. ఆయన్ని వారం నిలబెట్టడం ఇష్టంలేక ఆమె మర్నాడు పొద్దున్నే కూతురి డబ్బాలోంచి ఆకుపచ్చ ముద్ద తెచ్చింది. మూడు ముక్కలూ దానిమీదే కొలిచింది. వారం తర్వాత స్టోర్సు క్లే వచ్చింది. పిల్ల క్లే సంగతి అక్కడితో మర్చిపోయింది.

డబ్బా అడుగున ఆకుపచ్చ తునక ఒకటి రాయిలా గట్టిపడి అంటుకుని ఉంది.

సోమవారం అందరికంటే ముందు వెళ్ళింది. తునకను వేళ్ళ మధ్య నలిపి వేడిచేసి, మెత్తబడ్డాక హోల్డర్‌లో ఒత్తి, మెషీన్ తలుపు మూసింది. కొలత సగం కాకముందే చూడాల్సింది చూసేసింది. తొమ్మిదిన్నర డిగ్రీల దగ్గర ఒకటి. పంతొమ్మిది దగ్గర చిన్నది. ఇరవై ఎనిమిదిన్నర దగ్గర ఒకటి. పైకి వెళ్ళి కారిడార్‌లో ఫ్రేము ముందు నిలబడింది. పోల్చుకోవడానికి కాదు, ఆ బొమ్మ కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. కాళ్ళు తీసుకెళ్ళాయంతే.

అది టాల్కం. పిల్లల క్లే చేతికి అంటుకోకుండా అందులో కలిపే మామూలు పౌడరు. ముక్క గోరంత, కిరణం తక్కువ కోణాల దగ్గర ఏటవాలుగా పడి సాయంత్రం నీడలాగా బారుగా పరుచుకుంటుంది. ముక్క అంచు దాటి చుట్టూ ఉన్న క్లే మీద కూడా పడుతుంది. అందుకే ఆ మూడు పీకులు. అందుకే అవి తక్కువ కోణాల్లోనే. గుంట నిండా పొడి నింపేవాడికి క్లేతో పనేముంది? అందుకే బూడిదబాబుకి మూడేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

ఇంకా మండించే సంగతి ఏమిటంటే, అప్పట్లో కంప్యూటర్ ఆ మాట చెప్పింది కూడా. వెతికినప్పుడు జాబితాలో ఆరో పేరు టాల్కం అని వచ్చింది. “మన ముక్క స్నానం చేసి పౌడర్ రాసుకొచ్చినట్టుంది” అన్నాడు ప్రొఫెసర్, గదంతా నవ్వింది. పదకొండు వందల డిగ్రీల దగ్గర పన్నెండు గంటలు కాలిన ముక్కలో టాల్కం మిగలదు కదా, ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది. తర్కం బాగానే ఉంది. ఆ నవ్వినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ముక్కలో మిగలదు, నిజమే, ముక్క కింద ఏముందని ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషి తనే.

ఆరోజు మధ్యాహ్నం రెండు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి ప్రొఫెసర్‌గారి బల్ల మీద ఉంచింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. క్లే తనే తెచ్చిందని, కొలవకుండా వాడిందని కూడా చెప్పింది. ఆయన కాగితాల్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. అరవై ఏళ్ళ మనిషి. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఒక్క నిమిషం ఆయన మీద ఆమెకు జాలి కలిగింది. ఆయనకు తెలిసి చేసింది కాదని ఆ ముఖమే చెప్పింది.

“ఎవరికి చూపించావమ్మా?” అన్నాడు చివరికి. జాలి అక్కడితో అయిపోయింది.

“ఎవరికీ చూపించలేదండీ.”

“మంచిపని చేశావు. కూర్చో.” ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. “చూడు. వచ్చే నెల ప్రాజెక్టు రివ్యూ. ఇప్పుడు దీన్ని బయటపెడితే నలుగురు పిల్లల ఫెలోషిప్పులు పోతాయి. వాళ్ళేం పాపం చేశారు?”

“బూ... ఆ అబ్బాయి మాత్రం ఏం చేశాడండీ?”

“వెళ్ళిపోయాడు కదమ్మా. వెళ్ళిపోయినవాడికి ఇప్పుడు మనం చేసేదేముంది? ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్నాడు, హాయిగా ఉన్నాడు.” ఆయన గొంతు మెల్లమెల్లగా మళ్ళీ తేనెలోకి దిగింది. “నేను దాచమనడం లేదు. సరిచేద్దాం. దానికో పద్ధతి ఉంటుంది. నువ్వు చేరు. నీ థీసిస్‌లోనే, ఒక అధ్యాయంలో, గౌరవంగా, శాస్త్రీయంగా సరిచేద్దువుగాని. ఆ పేరు కూడా నీకే వస్తుంది. గురువారం ఇంటర్వ్యూలో నేను ఉంటాను. ఇన్నాళ్ళూ నీకు ఏమీ చెయ్యలేకపోయానని నాకూ బాధగానే ఉంది.”

ఆ చివరి మాటలో బెదిరింపు ఉందా, ప్రేమ ఉందా అంటే, రెండూ ఉన్నాయి. పెద్దమనుషుల మాట అలాగే ఉంటుంది, ఏ చెయ్యి వీపు నిమురుతోందో ఏది మెడ పట్టుకుందో తేల్చుకునేలోపల తలుపు దాకా సాగనంపేస్తారు.

సాయంత్రం ఇంట్లో భర్తకి చెప్పింది. అతను అన్నం తినడం ఆపి విన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషికి ప్రపంచంలో తప్పులు రెండే రకాలు.

“దీనివల్ల ఎవరైనా చస్తారా?”

“చావరు.”

“మరింకేంటి? మా దాంట్లో అయితే తాడు అరిగిందని తెలిసి చెప్పకపోతే మనుషులు పోతారు. మీది కాగితమే కదా.”

“ఆ కుర్రాడు మూడేళ్ళు పోగొట్టుకున్నాడు.”

“నువ్వు పదమూడు పోగొట్టుకున్నావు” అన్నాడతను. “నీకోసం ఎవరు ఏడ్చారు?”

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న చెవికి ఎంతో హాయిగా తగిలింది, ఆ రెండు రోజులూ దాన్నే మళ్ళీ మళ్ళీ వేసుకుని చూసుకుంది.

గురువారం పదకొండు గంటలకి పిలిచారు. పొడవాటి బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో విభాగాధిపతి, ఆయన కళ్ళు సగం గడియారం మీద. కుడివైపు ప్రొఫెసర్. ఎడమవైపు వేరే సంస్థనుంచి వచ్చిన నిపుణురాలు, తెల్లజుట్టు, ముతక బట్టలు, ముందున్న టీ ముట్టుకోలేదు. మూలన కూర్చుని జరిగింది రాసుకుంటున్నవాడు ఆఫీసు గుమాస్తా, ఆ బట్టతలాయనే. విభాగంలో అతని ముద్దుపేరు రేడియో. ఏది చెప్పినా సాయంత్రానికి ఊరంతా ప్రసారం.

ముప్పావుగంట అన్నీ ఆమెకు తెలిసినవే అడిగారు. ఎక్కడా తడుముకోలేదు. విభాగాధిపతి సైతం ఒకసారి గడియారం మర్చిపోయి విన్నాడు. ఇక అయిపోయిందనుకున్నప్పుడు తెల్లజుట్టావిడ ప్రతిపాదనలో ఒక పేజీ మడిచి పట్టుకుంది.

“ఒక్క ప్రశ్న. మీకు ముందు ఈ స్థానంలో ఉన్న విద్యార్థి మూడేళ్ళలో నూట పన్నెండు సార్లు ప్రయత్నించాడని ఉంది. ఒక్కసారీ ఈ పదార్థం రాలేదు. నూట పన్నెండు అంటే చిన్న సంఖ్య కాదు. వాటన్నిటినీ కొలిచింది మీరే. మీ ఉద్దేశం ఏమిటి? లోపం ఆ అబ్బాయిలో ఉందా, లేక...” ఆవిడ ఆగింది. ప్రొఫెసర్ వైపు చూడలేదు. “లేక ఇంకెక్కడైనా ఉండొచ్చా?”

అంతకంటే బార్లా తలుపు ఎవరూ తెరవరు. ఆ ముసలావిడకు ఏదో వాసన తగిలింది. ‘ఇంకెక్కడైనా ఉండొచ్చు’ అంటే చాలు, మిగతాది ఆవిడే తవ్వుకునేది. ప్రొఫెసర్ తన పెన్ను మూత పెట్టుకుంటున్నాడు, చాలా నెమ్మదిగా. మూలన రేడియో రాసుకుంటూనే ఉన్నాడు.

“ఓపిక ఉన్న అబ్బాయండీ” అంది ఎక్స్‌రే అక్క. “చాలా నిజాయితీపరుడు. అతని గురించి చెడుగా చెప్పడానికి ఏమీ లేదు. కాకపోతే, హస్తవాసి అంటారే, అది కుదరలేదు. ఫర్నేస్ పనికి ఆ చెయ్యి సరిపోలేదు. నా కళ్ళతో చూశాను కాబట్టి చెప్తున్నాను.”

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “పదమూడేళ్ళ అనుభవం. మీరు అంత గట్టిగా చెప్తే నేను కాదనలేను” అని ఏదో రాసుకుంది.

అబద్ధం ఆడేటప్పుడు నోరు తడబడుతుందని, చెమట పడుతుందని అంటారు. ఆమెకు అలాంటిదేమీ జరగలేదు. బయటికొచ్చి కారిడార్‌లో మంచినీళ్ళు తాగింది, నీళ్ళు మామూలుగానే గొంతు దిగాయి. అది ఆమెను భయపెట్టింది.

మర్నాడు జాబితా పెట్టారు. ఒకే పేరు. పదమూడేళ్ళలో మొదటిసారి నోటీసు బోర్డు మీద ఆమె పూర్తి పేరు పడింది. రేడియో మిఠాయి అడిగాడు. కూతురు ఆమె భుజాలు పట్టుకుని ఊపేసి, వంట గురించి ఏమీ అనలేదు. భర్త ఆరోజు డ్యూటీ నుంచి తొందరగా వచ్చాడు. ఆమె కూడా సంతోషపడింది, అందులో దాచుకోవడానికి ఏమీ లేదు. అద్దంలో చూసుకున్నప్పుడు రెండేళ్ళు తగ్గినట్టు కనిపించింది.

చేరిన రోజు ప్రొఫెసర్ ఆమె పరిశోధనాంశం టైపు చేయించి ఇచ్చాడు. ఆ పదార్థాన్ని పెద్ద మొత్తంలో తయారుచేసే మార్గాలు.

“సరిచేద్దామన్నారు కదండీ?” అంది.

“ఎందుకు చెయ్యం? తప్పకుండా చేద్దాం. ముందు రివ్యూ కానీ. ఆ తర్వాత రెండో విడత ప్రాజెక్టు వస్తుంది, అది స్థిరపడనీ. తొందరేముందమ్మా, నాలుగేళ్ళుంది.” అని ఆయన తల ఎత్తకుండానే సంతకం చేశాడు. అంటే, లేని దాన్ని గిన్నెడు చెయ్యడానికి ఆమెకు నాలుగేళ్ళ వ్యవధి ఇచ్చారు.

రెండు వారాలు గడిచాక ఒక శనివారం మధ్యాహ్నం, మెట్లమీద ఎవరో బరువు మోస్తూ దిగుతున్న అడుగులు వినిపించాయి. బూడిదబాబు. కొంచెం ఒళ్ళు చేశాడు. టైల్స్ కంపెనీ చొక్కా, జేబు మీద దాని బొమ్మ. చేతిలో గుడ్డ సంచి.

“కంగ్రాట్స్ అక్కా! రేడియో ఫోన్ చేసి చెప్పాడు. నాకెంత సంతోషమేసిందో తెలుసా? ఆ కుర్చీ ఎవడో దారినపోయేవాడికి పోకుండా నీకు వచ్చింది.” సంచి బల్లమీద పెట్టి అందులోంచి లావుపాటి నోటు పుస్తకాలు తీశాడు. ఒకటి, రెండు, మొత్తం పదకొండు. “నా రికార్డులు. నూట పన్నెండు రన్‌లూ ఉన్నాయి. ఉష్ణోగ్రత, ఎంతసేపు, ఏ సీసాలో పొడి, అన్నీ. ఎలా చెయ్యకూడదో తెలుస్తుంది కదా, నీకు టైము కలిసొస్తుంది.”

“ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చావు తమ్ముడూ. కూర్చో. ఉద్యోగం ఎలా ఉంది?”

“బాగుంది అక్కా. ప్యాకింగ్ సెక్షన్. పలకలు లెక్కచూసి పెట్టెల్లో పెట్టించాలి. పెద్ద బుర్రతో పని లేదు.” నవ్వాడు. “పోయిన నెల బట్టీ ఇన్‌చార్జ్‌గా వెళ్ళమన్నారు. ఫర్నేస్ మీద మూడేళ్ళు చేశానని వాళ్ళకి కాగితంలో కనబడింది కదా. పెద్ద పోస్టు. వారం రోజులు టైము అడిగాను.”

“వెళ్ళాల్సింది! వెంటనే ఒప్పుకోవాల్సింది.” ఆమె గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

“ఒప్పుకుందామనే అనుకున్నాను.” అతను ఒక పుస్తకం అంచు సరిచేశాడు. “నిజం చెప్పనా అక్కా? బయటికి ఎవరితోనూ అనలేదుగానీ, నాకు ఎక్కడో లోపల ఒక అనుమానం ఉండేది. తప్పు నాది కాదేమో అని. అన్నీ పద్ధతిగా చేశాను కదా, పదార్థమే అసలు లేదేమో అని. ప్రొఫెసర్‌గారు అన్నప్పుడు కూడా పూర్తిగా నమ్మలేదు, ఆయనకి ఆయన పదార్థం ముద్దు. ఆ అనుమానం ఒక్కటి ఉండబట్టే ఇన్నాళ్ళూ తల ఎత్తుకుని తిరిగాను. అప్పుడే రేడియో ఇంటర్వ్యూ సంగతి చెప్పాడు.”

ఆమె పై పుస్తకం తెరిచి, చూడకుండానే మూసింది.

“నా గురించి చాలా మర్యాదగా చెప్పావట కదా. ఓపిక ఉంది, నిజాయితీ ఉంది అన్నావట. చెయ్యి మాత్రం సరిపోలేదన్నావట.” అతని ముఖంలో కోపం కోసం ఆమె వెతికింది. ఎక్కడా లేదు. “నా ప్రతి శాంపిల్‌నీ చూసిన మనిషివి నువ్వు. నువ్వు మొహమాటానికి చెప్పే రకం కాదు. నువ్వే అన్నావంటే ఇంక అనుమానం ఎందుకు? తేలికైపోయింది అక్కా. బట్టీ వద్దని మర్నాడే చెప్పేశాను. అంతమంది పని నా చెయ్యి మీద ఆధారపడటం మంచిది కాదు.”

ఇప్పుడు చెప్పొచ్చు. రెండు వాక్యాలు. గదిలో ఇంకెవరూ లేరు, తలుపు వేసే ఉంది, ఆకుపచ్చ క్లే కాగితం ఆమె సొరుగులోనే ఉంది. చెబితే ఇతను సోమవారం వెళ్ళి ఆ బట్టీ అడుగుతాడు. చెబితే, ఇంత మెత్తని మనిషి కూడా ఆ కాగితం పట్టుకుని పైఅంతస్తుకి వెళ్ళకుండా ఉండడు. ఆ తర్వాత ఆమె ఈ గదిలో ఉండదు. ఆమె మనసు ఆ రెండిటినీ ఎంత చకచకా తూచిందో, ఆమెకే తెలిసింది. సొరుగు పిడి మీద చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

“లెక్కలు వేసుకున్న పన్నెండో పుస్తకం కూడా ఉండాలి, ఇంట్లో వెతుకుతాను” అంటూ లేచాడతను. “నీ చేత్తో వస్తుందిలే అక్కా. వచ్చాక ఒక్క ఫోన్ కొట్టు. ఎలా ఉంటుందో ఒకసారి చూడాలనుంది, అంతే. ఈ పుస్తకాలు పనికొస్తాయంటావా?”

“పనికొస్తాయి తమ్ముడూ” అంది ఎక్స్‌రే అక్క. “చాలా పనికొస్తాయి.”